ఓబుళమ్మ ప్రశ్న

1988 ఎండాకాలం. అనంతపురంలో కుళాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియక, ఆడవాళ్లు బిందెలను వరసలో పెట్టేసి ఇళ్లకు పోయి వంట చేసుకునే రోజులు. సముద్రానికి అవతల శ్రీలంకలో మన సైన్యం పోరాడుతోంది. రేడియోలో వార్తలు మొదలైతే టీ అంగడి దగ్గర మాటలు ఆగిపోయేవి. వానల్లేని మా జిల్లా నుంచి మిలట్రీలో చేరిన పిల్లలు తక్కువేమీ కాదు మరి.

నేను అప్పుడే బెంగళూరులో చదువు ముగించుకుని వచ్చి, టౌన్లో ఒక ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టుగా చేరాను. సైకాలజిస్టు అంటే మందులు రాసే డాక్టరు కాదు. మాటలతో, అభ్యాసాలతో మనసుకు వైద్యం చేసే మనిషి. ఇదంతా ఎంత విడమరిచి చెప్పినా ఊళ్లో నా పేరు మాత్రం 'పిచ్చి డాక్టరమ్మ' అనే స్థిరపడిపోయింది. మొదట్లో మండిపడేదాన్ని. ఆ పేరు చెబితే జట్కావాళ్లు సరిగ్గా ఆసుపత్రి గేటు ముందే దింపుతున్నారని తెలిశాక ఊరుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయే కేసు మనిషిని అడిగే రాస్తున్నాను. "రాయండి మేడమ్, ఏమైతాది? పేరు ఒకటి మార్చండి, మా మనవరాలు చదువుతాది" అన్నాడు. కాబట్టి అతన్ని వెంకటేశు అందాం. కథలో తక్కినవాళ్ల పేర్లూ మార్చాను.

వెంకటేశును తీసుకొచ్చింది వాళ్ల నాయన చౌడప్ప, ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. కొడుకును వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, తానొక్కడే నా గదిలోకి వచ్చి గొంతు తగ్గించాడు.

"మిలట్రీలో అంత ధైర్యంగా ఉండేటోడు మేడమ్. దెబ్బలు తగిలి సిక్ లీవు మీద వచ్చినాడు. దెబ్బలు మానిపోయినాయి. ఊరికే కూర్చోలేక మగ్గంలోకి దిగినాడు. అంతే! కాలు చెక్క మీద పెట్టినోడు పెట్టినట్లే బిగుసుకోని పోయినాడు. ఎవురూ కదలొద్దండి, ఎవురూ దగ్గరికి రావొద్దండి అని ఒకటే అరుపు. పొద్దు వాలేదాకా అట్లనే కూర్చున్నాడు. చెమటతో బనీను పిండితే నీళ్లొస్తాయి. ఆఖరికి నలుగురం కలిసి పైకి లాగినాం. గాలి సోకిందని తాయెత్తు కట్టించినా. మగ్గం చూసి భయపడే సాలె పిల్లోడు యాడన్నా ఉంటాడా మేడమ్?"

గుంత మగ్గం చూడనివాళ్ల కోసం ఒక మాట. నేలలో మోకాళ్లు మునిగేంత గుంత తవ్వి ఉంటుంది. నేతగాడు దాని అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతాడు. చెక్క కిందికి పోయినప్పుడు టక్కుమంటుంది. పైన సగం దారాలు లేస్తాయి, వాటి మధ్య నుంచి అడ్డదారం మోసే నాడె దూసుకుపోతుంది. చౌడప్ప మాట వింటూ నేను ఆ మగ్గాన్నే ఊహించుకున్నాను. చీకటి గుంత, కాలి కింద కదిలే చెక్క, టక్కుమనే చప్పుడు! ఈ మనిషికి కనబడుతున్నది మగ్గం కాదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

అతన్ని లోపలికి పిలిచి, మా వృత్తిలో మొదట చెప్పవలసిన మాట మొదటే చెప్పాను. మేం దాన్ని కాన్ఫిడెన్షియాలిటీ అంటాం. ఈ గదిలో చెప్పింది ఈ గది దాటదని రోగికి ఇచ్చే మాట అది. "మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుందని నాకు అనిపిస్తే తప్ప, మీరు చెప్పింది ఎవరికీ చెప్పను వెంకటేశన్నా. మీ నాయనకు కూడా" అన్నాను.

"మిలట్రీవాళ్లు అడిగితే?"

"మీరు సరేనంటేనే."

"మరి నువ్వు సర్టిఫికెట్ ఇచ్చి నన్ను మళ్లా పంపిస్తావా, పంపకుండా చేస్తావా?"

"రెండూ చెయ్యను. అది మిలట్రీ డాక్టర్ల పని. లీవు ముగిశాక వాళ్ల దగ్గరికే పోవాలి. అందాకా మీరు నిద్రపోయేటట్లు, కాలు ఎత్తేటట్లు చూడటం నా పని."

కాలు అన్న మాట వినగానే తలెత్తి నన్ను చూశాడు. తర్వాత చాలా రోజులు వాతావరణం గురించి, రైళ్ల గురించి, క్యాంపులో దొరికే చేపల కూర గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు. నేనూ తొందర పెట్టలేదు. యుద్ధం చూసొచ్చినవాణ్ణి చెప్పు చెప్పు అని గుచ్చకూడదు. పుండు మీద కట్టు లాగినట్లు అవుతుంది. ఒక రోజు చేపల కూర కబుర్ల మధ్యలోనే, గొంతు ఏమాత్రం మారకుండా చెప్పేశాడు.

అతనికి క్యాంపులో ఒకే ఒక్క తెలుగు తోడు ఉండేవాడు. యాడికి అనే ఊరి దగ్గర సేద్యం చేసుకునే ఇంటి పిల్లవాడు, రామాంజి. ఇద్దరూ ఒకే జిల్లా కాబట్టి ఒకే కంచంలో తిన్నారు. గస్తీకి పోయేటప్పుడు ఒకడు ముందు నడవాలి, నేల చూసుకుంటూ. ఆ పనికి వంతులుంటాయి.

"ఆ పొద్దు ముందర నడిచే వంతు నాది మేడమ్. బూట్లు కరిచి కాళ్లు పుండ్లయింటే, 'ఈ పొద్దుకు నువ్వు ముందర పోరా' అన్నా. 'దాందేముందిలేరా' అని పోయినాడు. టక్కుమని చప్పుడైంది. వాడు కాలు తీయకుండా నిలబడి నా తట్టు తిరిగి చూసినాడు. ఆపైన కాలు తీసినాడు."

నేల కింద పాతిన మందుపాతరల్లో కాలు ఎత్తినప్పుడు పేలేవీ ఉంటాయని వాళ్లలో వాళ్లు చెప్పుకునేవారట. "తొక్కినోడు వాడు. తొక్కల్సినోణ్ణి నేను" అని ఆగాడు. అతను ఏడవలేదు. నాకే కళ్లు మండాయి.

దారి దొరికింది కదా, ఇక నన్ను పట్టలేకపోయారు! మా పనిలో గ్రేడెడ్ ఎక్స్‌పోజర్ అని ఒక పద్ధతి ఉంది. భయపెట్టేదాని దగ్గరికి మెట్టు మెట్టుగా, రోగి సరేనన్నంత దూరమే పోవడం. ఆసుపత్రిలో మందులు రాసే మా సైకియాట్రిస్టు సారును ఒప్పించి ధర్మవరం బస్సు ఎక్కాను. మొదట మగ్గం ఉన్న గది గుమ్మంలో నిలబడి ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం. అది అలవాటయ్యాక గుంత పక్కన కూర్చోవడం. ఆ తర్వాత దారాలు విప్పేసిన ఖాళీ మగ్గంలో ఒట్టి కాలు దించడం. ఒక రోజు అతనికి ధైర్యం చాలకపోతే నేనే పక్క మగ్గం గుంతలోకి దిగి చెక్క తొక్కి చూపించాను. నా చేయి తగిలి దారాలు పుటుక్కుమన్నాయి.

"పట్టు మేడమ్ అది, పట్టు!" అని చౌడప్ప తల పట్టుకున్నాడు. "మావోడి సంగతి దేవుడెరుగు, మీరైతే పైకి రండి!"

వెంకటేశు నవ్వాడు. లీవులో వచ్చాక అతను నవ్వడం అదే మొదలని వాళ్లమ్మ నాకు మజ్జిగ ఇస్తూ చెప్పింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే కాలు చెక్క మీద పెట్టాడు. తొక్కాడు. టక్కుమంది. ముఖం తెల్లబడింది. "ఇది ఏ ఊరు?" అన్నాను. "ధర్మవరం." "కాలి కింద ఏముంది?" "చెక్క." "ఎవరు చేసినారు దాన్ని?" "మా తాత." "ఇంక మీ ఇష్టం, ఎప్పుడు తీయాలనిపిస్తే అప్పుడే తీయండి" అన్నాను. ఎంతసేపు చూశామో తెలియదు. కాలు లేచింది! చెక్క పైకొచ్చింది, ఇల్లు ఇల్లులాగే ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు. నేను చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టాను. చౌడప్ప గోడ వైపు తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తిరుగు బస్సులో సీటు దొరకకపోయినా, అనంతపురం దాకా నిలబడి పాటలు పాడుకుంటూ వచ్చాను.

నా సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. ఒక ఉదయం ఆసుపత్రికి వచ్చేసరికి నా గది ముందు బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. ముతక చీర, కాళ్ల నిండా ఎర్రమట్టి, ఒళ్లో చిన్న సంచి. నేను అడగకముందే లేచి తానెవరో చెప్పింది.

"రామాంజి వాళ్లమ్మను. ఓబుళమ్మంటారు. యాడికి నుంచి వచ్చినాను పాపా. ధర్మవరం వెంకటేశు నీకాడికి వస్తాడంట గదా?"

ఒక మనిషి నా దగ్గరికి వస్తున్నాడని ఒప్పుకోవడం కూడా రహస్యం బయటపెట్టడమే. "నా దగ్గరికి ఎవరొస్తారో, ఎవరు రారో చెప్పకూడదు పెద్దమ్మా" అన్నాను.

"నువ్వు చెప్పేదేముండాది? వాళ్ల నాయనే చెప్పినాడు. వాళ్లింటికి పోయినా. నన్ను చూడంగానే ఆ పిల్లోడు పెరటి గోడ దూకి పారిపోయినాడు. నా కొడుకు పక్కన ఉన్నోడు వాడొక్కడేనంట. నాకొచ్చింది బూడిద కుండ పాపా. నా కొడుకు సంగతి నాకు తెలియల్ల. వాడు నీకు చెప్పింటాడు. చెప్పు."

"చెప్పలేను పెద్దమ్మా."

"తెలీక చెప్పలేవా, తెలిసీ చెప్పవా?"

దానికీ జవాబు ఇవ్వకూడదు. ఇవ్వలేదు. మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. మీ బాధ మీరు చెప్పుకుంటే వింటానన్నాను. "నాకేం పిచ్చి పట్టలేదు" అని గ్లాసు అలాగే కింద పెట్టింది. "నువ్వు ఆడదానివేనా? కన్నతల్లి అడిగితే చెప్పనిది ఏం చదువు అది?" అంది. ఆ మాట సూదిలాగా దిగింది. ఆమె పోలేదు. బస్సు టైము అయ్యేదాకా కూర్చుని, మళ్లీ నా క్లినిక్ ఉన్న రోజు చూసుకుని వచ్చి అదే బెంచీ మీద కూర్చుంది. ఎండలో అంత దూరం నుంచి వచ్చిన మనిషిని దాటుకుని నా గదిలోకి పోవడం ఎంత కష్టమో ఏం చెప్పను!

మా సైకియాట్రిస్టు సారు మంచివాడు. చూడలేక నన్ను పక్కకు పిలిచాడు. "ఏదో ఒకటి చెప్పి పంపించమ్మా. బాధ లేకుండా పోయాడని చెప్పు. పుణ్యం వస్తుంది" అన్నాడు.

"అది అబద్ధం కదా సార్."

"తల్లికి చెప్పే అబద్ధం అబద్ధమెట్లా అవుతుంది?"

సారు మాట నన్ను ఊపేసింది. అప్పటికి నాలుకదాకా వచ్చిన మాటలు ఉన్నాయి. నిజమూ ఉంది, అబద్ధమూ ఉంది. రెండింటిలో ఏది చెప్పినా ఆమె నన్ను దీవించి పోతుంది, నాకు హాయిగా ఉంటుంది. కానీ ఆ నిజం నాది కాదు. అబద్ధం చెబితే రేపు ఇంకో సిపాయి వచ్చి ఇంకోలా చెబుతాడు, అప్పుడు ఆమె ఎవర్ని నమ్మాలి? చివరికి బెంచీ దగ్గరికి పోయి ఒకటే అడిగాను. "పెద్దమ్మా, మీరు వచ్చినట్లు ఎవరికైనా చెప్పమంటారా?"

"చెప్పు! ఊరంతా చెప్పు! ఓబుళమ్మ కూర్చోనుండాదని చెప్పు!"

ఓబుళమ్మ ఇంటికి వచ్చి పోయాక వెంకటేశు మళ్లీ మగ్గం గది గడప తొక్కడం మానేశాడని చౌడప్ప అప్పటికే కబురు పంపాడు. లీవు ముగింపుకు వస్తోంది. ఈ స్థితిలో అతను యుద్ధంలోకి తిరిగి పోతే ఏమవుతాడోనని నాకు దడగా ఉంది. అతను వచ్చినప్పుడు ఓబుళమ్మ బెంచీ మీద కూర్చుంటున్న సంగతి ఉన్నదున్నట్లు చెప్పాను.

"నువ్వే చెప్పు మేడమ్. నీకు చెప్పిందంతా ఆమెకు చెప్పు. నేను పర్మిషన్ ఇస్తాండా. వంతు నాదని కూడా చెప్పు."

చూశారా, గేటు తెరుచుకుంది! సంతకం చేయించుకుని ఆమెకు చెప్పేస్తే నియమం ప్రకారం తప్పేమీ లేదు. ఒక్క క్షణం ప్రాణం తేలికపడింది కూడా. కానీ అతను ఆ మాట నా ముఖం చూసి చెప్పలేదు, తలుపు వైపు చూస్తూ చెప్పాడు. ఇప్పుడు నేను చెప్పేస్తే, జన్మంతా యాడికి బస్సు చూసి పక్క సందులోకి తిరిగే మనిషి అవుతాడు. "చెప్పమంటే చెబుతాను. లేదంటే మీరు చెప్పండి, నేను పక్కన కూర్చుంటాను. ఏదీ వద్దంటే వద్దు. ఆలోచించుకుని రండి" అన్నాను.

"ఆమె తిడితే?"

"తిట్టొచ్చు."

"శాపం పెడితే?"

"పెట్టొచ్చు. పెట్టదని నేను మాట ఇవ్వలేను."

మరుసటిసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. "పోదాం మేడమ్" అన్నాడు. మా సారుకు చెప్పి, ఓబుళమ్మకు ముందే కబురు పంపి, తాడిపత్రి మీదుగా యాడికి పోయాం. దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన. ఆమె ఒక్క మాటంటే చాలు, ఇన్నాళ్ల పని మట్టిలో కలుస్తుంది. అతను మాత్రం కిటికీలోంచి దున్ని పెట్టిన ఎర్రచేలు చూస్తున్నాడు. వాన పడితే విత్తడానికి అంతా సిద్ధం, వాన ఒక్కటే లేదు.

బండలు పరిచిన చిన్న ఇల్లు. ఓబుళమ్మ వసారాలో విత్తనపు వేరుశనగ కాయలు ఒలుస్తోంది. గోడ మీద మిలట్రీ టోపీలో రామాంజి ఫోటో. వెంకటేశు కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాడు. బూట్లు కరవడం, వంతు మార్చుకోవడం, 'దాందేముందిలేరా' అనడం, టక్కుమనడం, అంతా చెప్పాడు. ఏదీ దాచలేదు. నేను అరుగు మీద ఒక పక్కగా కూర్చున్నాను. ఓబుళమ్మ చేతులు కాయల మీదే ఆగిపోయాయి.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయిందమ్మా."

"నువ్వు ముందర పోయింటే మీయమ్మ నా మాదిరి కూర్చోనుండు. దానికి నేనేం చెప్పేది? అది నేను అడగల్యా." కాయలు పక్కకు నెట్టింది. "నా కొడుకును ఎవురు మోసినారు?"

అతనికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"మోసినోళ్లప్పా! మా ఇండ్లల్లో పాడె మోసినోళ్లను నలుగుర్ని పిలిచి, ఆకులేసి కూడు పెట్టినాకే దినం అయినట్లు. బూడిద కుండ వచ్చింది, మోసినోళ్లు రాల్యా. ఎవుర్ని పిలవల్ల నేను? వానికి దినం కాలేదు. వాణ్ణి నలుగురు మోసినారా, కుక్కను ఈడ్చినట్లు ఈడ్చినారా? ఇదొక్కటే గదప్పా నేను అడిగేది! ఇది చెప్పేదానికి గోడ దూకి పారిపోతివి!"

వెంకటేశు మెల్లగా కింద కూర్చున్నాడు.

"నేను మోసినానమ్మా."

"ఇంగ ముగ్గురు?"

"ఎవురూ లేరు. మిగిలినోళ్లు దూరంగా పడుకోనుండిరి, కదలొద్దని ఆర్డరు. నేనే పోయి బుజం మీద ఏసుకోని రోడ్డుదాకా వచ్చినా. కింద పెట్టల్యా. ఆ తర్వాత కట్టెల మీదికి కూడా నేనే ఎత్తినా."

నేను ఆగలేకపోయాను. "ఆ నేల మీదనా? పాతరలు ఉన్న నేల మీదనే?"

"అది గ్యాపకం రాలేదు మేడమ్, అప్పుడు" అన్నాడు, ఏదో మామూలు సంగతి చెప్పినట్లు.

ఇన్ని వారాలుగా నాతో మాట్లాడినవాడు ఈ మాట ఒక్కసారీ చెప్పలేదు. అది లెక్కలోకి వచ్చే సంగతని అతనికే తెలియదు.

ఓబుళమ్మ ఏడవలేదు, దీవించలేదు. లేచి లోపలికి పోయింది. పొయ్యి అంటుకుంది. అన్నం ఉడికింది, పప్పు తిరగమోత వాసన వసారాలోకి వచ్చింది. ఆమె వచ్చి నేల తుడిచి, వరసగా నాలుగు ఆకులు పరిచింది. నాలుగింటిలోనూ వడ్డించింది.

"కూర్చో నాయనా" అంది.

అతను మొదటి ఆకు ముందు కూర్చుని తిన్నాడు. లేవబోతే భుజం మీద చేయి వేసి ఆపింది. "యాడికి లేచేది? నలుగురు మోసే బరువు ఒక్కనివే మోస్తివి. నలుగురి కూడూ నువ్వే తినల్ల." అతను రెండో ఆకుకు జరిగాడు. మూడో దానికి వచ్చేసరికి అన్నంలో కన్నీళ్లు పడుతున్నాయి, ఆమె కొసరి కొసరి నెయ్యి వేస్తోంది. నాలుగో ఆకు దగ్గర అతను "ఇంగ చాలమ్మా, కడుపు పగుల్తాది" అంటే ఆమె నవ్వింది. ఆ తర్వాతే బోరున ఏడ్చింది. నేనూ నవ్వుతూ ఏడ్చాను. వృత్తిలో ఏడవకూడదంటారు, ఆ రోజు నాకు ఆ నియమం గుర్తుకు రాలేదు.

లీవు ముగిశాక వెంకటేశు మిలట్రీ ఆసుపత్రికి పోయి తన నోటితోనే డాక్టర్లకు అంతా చెప్పుకున్నాడు. వాళ్లు అతన్ని గస్తీకి పంపకుండా స్టోర్సులో వేశారు. సర్వీసు అయిపోయాక వచ్చి మళ్లీ మగ్గంలోకి దిగాడు.

కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, కాన్ఫిడెన్షియాలిటీ అంటే మనం నోరు మూసుకుని కూర్చోవడమేనా మేడమ్, అవతల మనిషి అల్లాడుతుంటే కూడానా, అని. నేను వాళ్లకు ఆ బెంచీ సంగతి చెబుతాను. అప్పుడు నా దగ్గరున్నది వెంకటేశు తన తప్పనుకున్నది ఒక్కటే. ఓబుళమ్మకు కావలసిన జవాబు నా దగ్గర లేదు, ఆమె అడుగుతున్నదేమిటో కూడా నాకు తెలియదు. జాలిపడి ఆ రోజే నాకు తెలిసినదంతా చెప్పి పంపివుంటే, యాడికిలో ఆ నాలుగు ఆకులూ ఎప్పటికీ పరిచేవాళ్లు కాదు.